నల్లగుట్టలో చలి

…అయినా, చెమట పట్టినంత మాత్రాన ఎండగా ఉందని ఎలా అనగలం? భయపడినా చెమట పడుతుంది. మిరపకాయ బజ్జీ తిన్నా పడుతుంది. పెళ్లిచూపుల్లో నాకు పట్టింది, అది డిసెంబరు. ఆ పిల్ల కూడా చూసింది, సంబంధం కుదరలేదు. కాబట్టి ఇప్పుడు నా వెన్ను మీద జారుతున్న ఈ చుక్క ఎండవల్లే జారుతోందని తీర్మానించడం తొందరపాటు. చుక్క నడుము దగ్గర మాయమైంది. బనీనులో ఇంకిందా, ఆవిరైందా? రెండు వాదాలకూ చోటుంది.

నేను నల్లగుట్ట ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని అంచున, రేకుల షెడ్డులో, స్తంభానికి కట్టిన థర్మామీటరు ముందు నిలబడి ఉన్నాను. మే నెల, మిట్టమధ్యాహ్నం. కింద బొగ్గు పొర మీంచి లేస్తున్న వేడిగాలిలో యంత్రాలన్నీ నీళ్లలో నీడల్లా ఊగుతున్నాయి. మా బావ ఓదెలు తన డంపర్ బండిని పక్కన ఆపి, తలకు చుట్టిన తువ్వాలు విప్పి పిండుకుంటూ షెడ్డులోకి వచ్చాడు.

"ఎంతైంది బామ్మర్దీ?"

"నలభై ఎనిమిది అయినట్టుంది బావా."

"అయినట్టుందా? అయిందా?"

"నేను నిలబడ్డ కోణంలోంచి అలా కనిపిస్తోంది."

"అయితే జెర కోణం మార్చి సూడు. యాభై కనవడితే ఇంటికి వోయి పండుకుంట," అని నవ్వి, కుండలో నీళ్లు నెత్తిన పోసుకున్నాడు.

నవ్వాడు గానీ కుడి పిక్క పట్టేసినట్టుంది, కుంటుతున్నాడు. కిందటి వారం ఎండకు వాంతులయ్యాయని అక్క చెప్పింది. మా అక్క భూలక్ష్మి భర్త ఆయన. నేను ఒంటిగాణ్ని. కాలనీ చివరి క్వార్టర్లో ఉంటూ రాత్రిపూట అక్క దగ్గర తింటాను.

నలభై అయిదు దాటితే పన్నెండు నుంచి నాలుగు గంటల దాకా మనుషుల్ని గనిలోంచి పైకి రప్పించాలని సంస్థ నిబంధన. నేను ఫోన్ చేస్తే సైరన్ మోగుతుంది. ఇంత ఖచ్చితమైన పని నాకు ఎందుకు అప్పగించారని కాలనీలో చాలామంది ఆశ్చర్యపడేవారు. నాది సమతుల్య దృక్పథ విభాగం. జనం 'డౌట్ల ఆఫీసు' అంటారు. ఉష్ణోగ్రత అనే మాట సంస్థలో ఎక్కడ వినిపించినా అది మా విభాగం పరిధిలోకి వస్తుంది కనుక, థర్మామీటరు కూడా మాదే అయింది.

మా విభాగం పుట్టుక గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఒకప్పుడు మా సంస్థకు సొంత ప్రయోగశాల ఉండేది. అందులో పనిచేసే ఒక శాస్త్రవేత్త బొగ్గు పొగను ఏళ్లతరబడి కొలిచి, ఇది ఆకాశానికి గొంగడిలా కప్పుకుంటుందనీ, మన మనవలు ఆ గొంగడి కింద ఉడుకుతారనీ లెక్క కట్టాడు. యాజమాన్యం ఆయన్ని పూర్తిగా నమ్మింది. అందుకే మా విభాగం పెట్టింది. నమ్మకపోతే అంత ఖర్చు ఎవరు పెడతారు? ప్రయోగశాలకు తాళం వేసి, ఆ గదులే మాకు ఇచ్చారు. సిగరెట్ కంపెనీల దగ్గర పనిచేసి వచ్చిన ఒక సలహాదారు మాకు మొదటి పాఠం చెప్పాడు. "కాదు అనకండి. కాదంటే రుజువు చూపాలి. 'ఇంకా తేలలేదు' అనండి. తేలలేదనడానికి రుజువెందుకు?"

అప్పటినుంచి మేము తేలనివ్వలేదు. భూమి వేడెక్కడం లేదని పదేళ్లు రాశాం. తర్వాత, వేడెక్కుతోంది గానీ అది సూర్యుడి సొంత విషయం అని రాశాం. ఆ తర్వాత, మన వల్లే అయినా మంచిదే, వడియాలు ఒక్కపూటలో ఎండుతాయి అని రాశాం. మూడువందల మంది శాస్త్రవేత్తల సంతకాలతో ప్రకటన వేశాం. అందులో ఒక పళ్ల డాక్టరు, కొందరు పశువైద్యులు, ఒక వాస్తు పండితుడు, చనిపోయిన ఇద్దరు పెద్దమనుషులు ఉన్నారు. బడిపిల్లలకు 'బొగ్గు బాబాయి కబుర్లు' అని బొమ్మల పుస్తకం పంచాం. సముద్రమట్టం పెరగడం వట్టి పుకారని కరపత్రం వేసిన ఏడాదే, తీరంలోని మా బొగ్గు రేవు గట్టును మనిషెత్తు లేపారు. ఎందుకని ఎవరో అడిగితే, అందం కోసం అన్నాం.

చివరికి, తప్పంతా జనానిది అని తేల్చాం. ఎవరింట్లో పొయ్యి ఎంతసేపు వెలుగుతుందో వాళ్లే గమనించుకుని సిగ్గుపడాలని ఇంటింటికీ కాగితాలు పంచాం. అక్క ఆ కాగితం చదివి నన్ను పిలిచింది. "ఏరా, మీ బావ పొద్దూకులు గుట్టలకు గుట్టలు బొగ్గు తీస్తడు. గది కాలితె ఏం గాదు గని, నా చాయ్ గిన్నెతోని భూమి మండుతదా?" అని అడిగింది. ఆమె ప్రశ్నను స్వాగతిస్తున్నామని చెప్పి, చాయ్ తాగి వచ్చాను.

ఇవన్నీ రాసింది నేను. రాయడం కష్టంగా ఉండేది కాదు, ఎందుకంటే నేను ఉద్యోగం కోసం సందేహించలేదు. నాకు సందేహమే ముందు వచ్చింది, ఉద్యోగం తర్వాత. సందేహం మంచి కుర్చీ లాంటిది. అందులో కూర్చున్నవాణ్ని లెమ్మని ఎవరూ అనరు. ఇంకా ఆలోచిస్తున్నాడు పాపం, అనుకుంటారు.

సరే. ఆ మధ్యాహ్నం సైరన్ కోసం ఫోన్ ఎత్తబోతుంటే అదే మోగింది. జనరల్ మేనేజర్ పరాంకుశ రావుగారు. ఒకసారి వచ్చి కలవమన్నారు.

ఆయన గది చల్లగా ఉంది. (గదిని గురించి ఈ మాట సందేహం లేకుండా రాస్తున్నాను. ఆయనే అడిగారు కాబట్టి.)

"సదానందం గారూ, ఈ గదిలో మీకెలా ఉంది?"

"చల్లగా ఉంది సార్."

"ఈ గది నల్లగుట్టలో ఉందా, లేదా?"

"ఉంది సార్."

"మరి నల్లగుట్టలో నలభై ఎనిమిది అని ఏకపక్షంగా ఎలా ప్రకటిస్తారు?" ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "రోజూ నాలుగు గంటలు ఉత్పత్తి ఆగిపోతోంది. నేను దాని గురించి మాట్లాడటం లేదు. నేను న్యాయం గురించి మాట్లాడుతున్నాను. ఒక థర్మామీటరు ఉంది, అది పొద్దస్తమానం గని పక్షాన నిలబడి ఉంది. దానికి గని వాతావరణం తప్ప మరొకటి తెలియదు. అటువంటి సంకుచిత థర్మామీటరు మాట మీద మనం నిర్ణయాలు తీసుకోవడం సముచితమా? రెండో వైపు విన్నామా?"

నాకు ఒళ్లు పులకరించింది. ఇరవై ఏళ్లుగా నేను భూమికి చేస్తున్నదాన్ని ఆయన ఒక్క నిమిషంలో గనికి చేశారు. ఎవరో మన వాక్యాన్ని మనకంటే బాగా వాడితే కలిగే ఆనందం వేరు. అందులో కొంచెం అసూయ ఉంటుంది, కొంచెం భయం కూడా.

మర్నాడు జి.ఎం. గారి గది గోడకు రెండో థర్మామీటరు కొట్టాం. పద్దెనిమిది చూపింది. రెండూ కలిపి సగటు తీస్తే ముప్పై మూడు. దానికి 'సమతుల్య ఉష్ణోగ్రత' అని నేనే పేరు పెట్టాను. ఆహ్లాదకరమైన అంకె. సైరన్ మోగలేదు. షిఫ్టు ఆగలేదు.

వారం తిరక్కుండా యూనియన్ నాయకుడు మొగిలన్న ఊరేగింపుగా వచ్చాడు. యూనియన్ సగటును రద్దు చేయమంటుందేమోనని జి.ఎం. గారు కంగారుపడి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. అనవసరపు కంగారు.

"మేం సగటుకు వ్యతిరేకం కాదు!" అని మొగిలన్న బల్ల గుద్దాడు. "సగట్ల కార్మికవర్గానికి ప్రాతినిధ్యం లేకపోవుడుకు వ్యతిరేకం! మీకో థర్మామీటర్ ఉంటె మాకో థర్మామీటర్ ఉండాలె. యాడ వెట్టాల్నో మేమే జెప్తం."

"గనిలో ఉన్నది మీదే కదా, మొగిలన్నా," అన్నాను.

"అది కంపెనీ థర్మామీటర్. దాన్ని మేం నమ్మం."

జి.ఎం. గారు సూత్రప్రాయంగా అంగీకరించారు. యూనియన్ తన థర్మామీటరును క్యాంటీన్లో బజ్జీలు వేసే మూకుడులో, మరుగుతున్న నూనెలో ముంచింది. నూట ఎనభై చూపింది. ఆ రోజు నల్లగుట్ట సమతుల్య ఉష్ణోగ్రత ఎనభై రెండు. కార్మికులు క్యాంటీన్ ముందు డప్పులు కొట్టారు. జి.ఎం. గారు మాత్రం చలించలేదు. భద్రతా నియమావళి తెప్పించి చదివారు. ఎనభై రెండు డిగ్రీల దగ్గర మనిషి బతికి ఉండటం అసాధ్యమని అందులో ఉంది. కాబట్టి ఆ షిఫ్టులో ఉన్నవాళ్లెవరూ బతికి లేనట్టే. బతికి లేనివాళ్లకు హాజరు వేసే నిబంధన సంస్థలో లేదు.

మొగిలన్న సాయంత్రానికి మూకుడు వెనక్కి తీసుకున్నాడు. "ఇది తాత్కాలిక వెనుకడుగు మాత్రమే," అన్నాడు. బజ్జీలు కూడా ఆ రోజు చల్లారిపోయాయి.

అయితే థర్మామీటర్ల మీద అందరికీ మోజు పుట్టింది. ఫలానా విభాగానికి ఉండి మాకెందుకు లేదని ప్రతివాళ్లూ అడగటం మొదలుపెట్టారు. మహిళా క్లబ్బు తన ఫ్రిజ్‌లో ఒకటి పెట్టుకుంది. కంప్యూటర్ గది, అతిథిగృహం, ఆసుపత్రిలో రక్తం నిలవచేసే పెట్టె, అధికారుల సంఘంవారి ఐస్‌క్రీమ్ డబ్బా. ఒక్కొక్కరూ తమ తమ దృక్పథంతో ముందుకొచ్చారు. ఐస్‌క్రీమ్ డబ్బా దృక్పథం సున్నాకు పద్దెనిమిది డిగ్రీలు కింద ఉంది. ఎవరినీ కాదనలేం, కాదంటే సమతుల్యం చెడుతుంది. నేను రోజూ అన్నీ తిరిగి చదివి, కూడి, భాగించి, ఫలితాన్ని నోటీసు బోర్డు మీద రాసేవాణ్ని. మే నెల మూడో వారంలో అది పన్నెండు పాయింట్ ఏడుకు వచ్చింది.

ఆ రాత్రి నా గదిలో ఫ్యాన్ కింద పడుకుని ఆ అంకెను తలచుకున్నాను. పరుపు కాలుతోంది. కానీ నా లోపల ఎక్కడో, చాలా లోపల, సన్నగా వణుకు పుట్టింది. అంకెకు అంత బలం ఉంటుందా, లేక నాకు నేను చెప్పుకున్నది నా ఒళ్లు నమ్మడం మొదలుపెట్టిందా? లేచి దుప్పటి కప్పుకున్నాను. కాసేపటికి తీసేశాను. మళ్లీ కప్పుకున్నాను.

తర్వాత జరిగినవాటిలో వింతేమీ లేదు. ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. నల్లగుట్ట నెల తిరక్కుండానే నలభై ఎనిమిది నుంచి పన్నెండుకు చల్లబడిందని ప్రధాన కార్యాలయానికి తెలిసింది. బొగ్గు తవ్వితే భూమి వేడెక్కుతుందన్నవాళ్లకు ఇంతకంటే చెంపపెట్టు ఏముంటుంది? ఎంత తవ్వితే అంత చల్లబడుతోంది! 'బొగ్గే భూమికి విసనకర్ర' అనే ప్రకటన నాచేత రాయించారు. కళ్లారా చూసి ధ్రువీకరించడానికి అంతర్జాతీయ నిపుణుల బృందం వస్తోందన్నారు. బృందానికి నాయకుడు మన పళ్ల డాక్టరే.

ఇంతలో సంక్షేమ విభాగం ఒక పాత నిబంధన వెలికితీసింది. ఉష్ణోగ్రత పదిహేను కంటే తగ్గితే గని కార్మికులందరికీ ఉన్ని స్వెట్టర్లు ఇవ్వాలి. ఎప్పుడో హిమాలయాల వైపు గని తవ్వాలని సంస్థ అనుకున్న రోజుల్లో రాసుకున్న నిబంధన. గని తవ్వలేదు గానీ స్వెట్టర్లు మాత్రం అప్పుడే కొనేశారు. ముదురు ఎరుపు రంగు, గుండె మీద సంస్థ ముద్ర, మెడ దాకా మూసుకునే కుట్టు. గోదాములో నాఫ్తలీన్ ఉండల మధ్య ఇన్నాళ్లూ నిద్రపోతున్నాయి. ఇచ్చిన స్వెట్టరు వేసుకోకపోతే సంస్థ ఆస్తి నిరుపయోగమైందని ఆడిట్‌లో రాస్తారు. అందుకని, బృందం వచ్చే రోజున స్వెట్టరు లేకుండా గనిలో కనిపించినవాణ్ని గైర్హాజరుగా లెక్కిస్తామని సర్క్యులర్ వచ్చింది. యూనియన్ ఒక్కటే షరతు పెట్టింది: రంగు ఎరుపే ఉండాలి. అది ముందే ఎరుపు కాబట్టి విజయోత్సవ సభ జరిపారు.

ముందురోజు సాయంత్రం అక్క ఇంటికి వెళ్లేసరికి బావ మంచం మీద కూర్చుని స్వెట్టరు తొడుక్కుని చూసుకుంటున్నాడు. మొహం గుంజుకుపోయి ఉంది. కాళ్లకు అక్క కొబ్బరినూనె రాసినట్టుంది, మెరుస్తున్నాయి.

"సూడు బామ్మర్దీ, ఎట్లున్న? మా పెండ్లి నాడు గూడ మీ అయ్య నాకు గింత మంచి అంగి వెట్టలే."

"నీ బొంద," అంది అక్క. "పొద్దుగాల్నించి రెండుసార్లు కక్కిండు. రేపు గిది ఏసుకోని గన్ల నిలవడితె ఉంటడారా మనిషి? నువ్వు ఒక్క ముక్క రాయి తమ్మీ. గనికాడ ఉన్న గా ఒక్క థర్మామీటర్ ఏం జెప్తే గది రాయి. షిఫ్టు పైకొస్తది. ఆఫీసు నీ చేతులున్నది."

"ఒక్క థర్మామీటరు మీద ఆధారపడకూడదని నిర్ణయం అయిందక్కా. పైగా బావకు వాంతులు ఎండవల్లనే అని…"

"ఏందివల్ల మరి?"

"చాలా కారణాలు ఉండొచ్చు."

అక్క గిన్నె కింద పెట్టింది. "తమ్మీ, నా మొఖం జూసి చెప్పు. ఎండ గొడుతుందని నీకు తెలుసా, తెల్వదా? రెండిట్ల ఒక్కటి జెప్పు."

ఇటువంటి ప్రశ్నలు వస్తే ఎలా తప్పించుకోవాలో మా విభాగం ఒక చిన్న పుస్తకమే వేసింది, నేనే రాశాను. కానీ ఆ పుస్తకంలో అడిగేవాడు విలేకరి. అక్క కాదు. నేను గోడ మీది బల్లిని చూశాను. తెలుసా? తెలియడం అంటే ఏమిటి? తెలిసిన మనిషి ఏదో ఒకటి చేయాలి. చేయనివాడు తెలిసినా తెలియనట్టే కదా. అలాంటప్పుడు తెలియదు అనడం అబద్ధం కాదు…

"తిను," అంది అక్క, కంచంలో అన్నం పెట్టి నా ముందుకు తోస్తూ. "ఆకలైతుందో లేదో ఇంక తేలలేదేమో. సగటు జూసుకోని తిను."

బావ పగలబడి నవ్వాడు. నవ్వుతూనే పిక్క పట్టుకుని మంచం మీద వెనక్కి ఒరిగాడు.

మర్నాడు పదకొండున్నరకు బృందం వచ్చింది. ఏ.సి. బస్సు గని అంచున ఆగింది, తలుపు తెరుచుకోలేదు. అద్దాల వెనక నుంచి వాళ్లు చేతులు ఊపారు. పళ్ల డాక్టరు మైకులో మాట్లాడాడు. పళ్లు చాలా బాగున్నాయి ఆయనకు. ఇంత శీతల ప్రదేశంలో ఇంత చెక్కుచెదరని కార్మికస్ఫూర్తి చూడటం తన అదృష్టం అన్నాడు. బస్సు పక్కన పరాంకుశ రావుగారు శాలువా కప్పుకుని నిలబడ్డారు. ఆయన ముక్కు చివర చెమట చుక్క వేలాడుతోంది. దాన్ని తుడుచుకుంటే ఒక వాదానికి బలం చేకూరుతుంది కాబట్టి తుడుచుకోలేదు.

స్వెట్టర్లలో కార్మికులు మూడు వరసలుగా నిలబడ్డారు. ఫోటోగ్రాఫర్ స్టూలు మీదికెక్కాడు.

"అన్నలారా, ఫీలింగ్ రావట్లేదు. జెర చేతులు రుద్దుకోండి. కొద్దిగ వణకాలె!"

రుద్దుకున్నారు. కొందరు నోట్లోంచి పొగ వచ్చేలా బీడీ వెలిగించారు. రెండో వరసలో మా బావ వణకడం మొదలుపెట్టాడు. భుజాలు, గడ్డం, మోకాళ్లు అన్నీ వణికాయి.

"అగ్గో! గట్ల! రెండో వరసల అన్నను జూసి నేర్చుకోండ్రి!" అని ఫోటోగ్రాఫర్ సంతోషంతో అరిచాడు.

బస్సులో చప్పట్లు కొట్టారు. బావ నావైపు చూశాడు. చూపు నా మీద పడింది గానీ నన్ను పట్టుకోలేదు. ఆ తర్వాత మొహం మీదుగా బొగ్గులో పడిపోయాడు.

ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. మా ఏరియా ఆసుపత్రి డాక్టర్ హైమావతిగారు అనుభవమున్న మనిషి. బావ నోట్లో థర్మామీటరు పెట్టి తీసి చూశారు. నూటారు జ్వరం. పెదవి కొరుక్కున్నారు. తర్వాత పక్క మంచాల మీది నలుగురికీ థర్మామీటరు పెట్టి, కాగితం మీద కూడి భాగించారు.

"నూటికి దగ్గరగా వస్తోంది," అన్నారు. "ఏ ఒక్క థర్మామీటరు మాటా ఏకపక్షంగా తీసుకోరాదని మీ సర్క్యులరే కదా సదానందం గారూ. ఆసుపత్రికి కూడా వర్తిస్తుందని కింద రాశారు."

"రాశాను. అది… ఐస్ పెట్టండి మేడమ్."

"ఐస్ తెప్పించాలంటే కారణం రాయాలి. వడదెబ్బ అని రాస్తే పైవాళ్లు ఒప్పుకోరు. పన్నెండు డిగ్రీల్లో ఎవరికైనా వడదెబ్బ తగులుతుందా అని నన్నే సంజాయిషీ అడుగుతారు. పన్నెండు డిగ్రీలకు చేయాల్సిన వైద్యం ఇదీ." ఆమె నర్సుకు సైగ చేశారు. నర్సు రెండు కంబళ్లు తెచ్చి బావ మీద కప్పింది. డాక్టర్‌గారు నా చెవి దగ్గరికి వంగి, గొంతు తగ్గించి అన్నారు: "ఒక్క ఫోన్ చేసి ఇవాళ నలభై ఎనిమిది అని చెప్పించండి. అయిదు నిమిషాల్లో ఐస్ గడ్డల్లో పడుకోబెడతాను. నాకేమైనా సరదానా?"

ఫోన్ చేశాను. అవతల పళ్లాల చప్పుడు, నవ్వులు.

"చెప్పండి సదానందం గారూ. బృందం ఐస్‌క్రీమ్ తింటోంది."

"సార్, మా బావ ఓదెలు వడదెబ్బకు పడిపోయాడు. ఇవాళ్టి అంకె మార్చాలి సార్. గని అంకె ఇవ్వాలి."

"చాలా బాధాకరం," అన్నారు పరాంకుశ రావుగారు. నిజంగానే బాధపడినట్టున్నారు. "అయితే వడదెబ్బే అని మీరు నిర్ధారణగా చెప్పగలరా? షుగర్ కావచ్చు. రాత్రి కల్లు తాగి ఉండవచ్చు. వంశంలో ఉండవచ్చు. ఒక వ్యక్తి పడిపోవడానికీ ఉష్ణోగ్రతకూ ఉన్న సంబంధం ఇంకా అధ్యయన దశలోనే ఉందని మీరే కదా రాశారు? విషయాన్ని ఒక కమిటీకి నివేదిద్దాం. మీరే అధ్యక్షులు. రెండో వైపు కూడా విన్న తర్వాత…"

ప్రతి వాక్యమూ నాదే. కామాలతో సహా నాదే. చాలా బాగా రాశాననిపించింది. ఎక్కడా పట్టు దొరకడం లేదు. నేను కట్టిన గోడ ముందు నేనే నిలబడి, ఎంత నునుపుగా కట్టానురా అని వేళ్లతో తడుముతున్నాను.

అక్క లోపలికి వచ్చింది. చెప్పులు లేవు. కంబళ్లు చూసింది, డాక్టర్ని చూసింది, నన్ను చూడలేదు. కంబళి లోపలికి చేయి పెట్టి చటుక్కున లాక్కుంది.

"పెనం లెక్క ఉన్నడు," అంది. అరవలేదు. "పెనం లెక్క ఉన్నడమ్మా మనిషి."

డాక్టర్‌గారు నావైపు చూశారు. నర్సు నావైపు చూసింది. ఫోన్లో పరాంకుశ రావుగారు ఇంకా మాట్లాడుతున్నారు. నా బుర్ర ఎప్పటిలాగే తన పని మొదలుపెట్టింది: బావ బతకవచ్చు, ఇది ఒక వైపు. మరి రెండో వైపు?

రెండో వైపు చూశాను. ఇన్నేళ్లలో దాన్ని పేరు పెట్టి పిలిచానే గానీ ఒక్కసారీ లోపలికి తొంగి చూడలేదు. అక్కడ అక్క ఉంది, అక్క ఇంట్లో మంచం ఉంది, మంచం మీద ఎవరూ లేరు. బతికిన బావకూ చనిపోయిన బావకూ సగటు ఎంత? కూడి చూశాను. భాగించబోయాను. ఎంతతో భాగించాలో తెలియలేదు.

ఫోన్ బల్ల మీద పెట్టాను. పెట్టేశానా, జారిందా అన్నది అప్రస్తుతం. కంబళ్లు రెండూ లాగి నేల మీద పడేశాను. స్వెట్టరు పైకి తీయబోతే రాలేదు. చెమటకు తడిసి ఒంటికి చర్మంలా అతుక్కుపోయింది, మెడ దగ్గర బిగుసుకుపోయింది. పక్కన ట్రేలో కట్లు కోసే కత్తెర ఉంది. తీసుకున్నాను.

"సంస్థ ఆస్తి అండీ," అంది నర్సు, అలవాటుగా.

అక్క నీళ్ల బకెట్ కోసం పరుగెత్తింది. నేను కత్తెరను బావ గొంతు కింద, ఉన్ని లోపలికి పోనిచ్చాను. వేళ్లకు తగిలిన వేడికి చేయి వెనక్కి రాబోయింది. రానివ్వలేదు. బావ కళ్లు సగం తెరిచాడు. ఎక్కడో దూరం నుంచి మాట్లాడుతున్నట్టు పెదవులు కదిలాయి.

"అరేయ్… కంపెనీది రా… జీతంల పట్టుకుంటరు…"

"వేడిగా ఉంది బావా," అన్నాను.

తడిసిన ఉన్ని ఒక పట్టాన తెగదు. కత్తెరను రెండు చేతులతో పట్టుకుని, సంస్థ ముద్రను మధ్యకు చీలుస్తూ, మెడ నుంచి బొడ్డు దాకా కోసుకుంటూ వచ్చాను.